ర్యాంప్ చివర ఉన్నాను

హైహీల్స్‌తో నడవడం నేను నేర్చుకున్నది మా నాన్న సేఫ్టీ బూట్లతో. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. పవర్‌హౌస్ మార్కెట్‌లో గంటసేపు బేరమాడి కొన్న మొదటి హీల్స్ వేసుకుని, సెక్టర్ 7లో మా క్వార్టర్ ముందుగదిలో గోడ పట్టుకుని అడుగులేస్తున్నాను. స్టీల్ ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చిన నాన్న టీ తాగుతూ కాసేపు చూశాడు. ప్లాంటులో కొత్తగా చేరినవాళ్లు ఇనప ముక్కు బూట్లు మోయలేక కొన్నాళ్లు బాతుల్లా నడుస్తారనీ, ఆ తర్వాత ఇంటి దగ్గర చెప్పులేసుకుంటే గాల్లో తేలిపోయినట్టుంటుందనీ చెప్పాడు. చెప్పింది నాకో, చేతిలోని గ్లాసుకో తెలియదు. నేను మాత్రం ఆ మాట పట్టేసుకున్నాను.

మర్నాడే ఆయన పాత బూట్లు బయటికి లాగి, వాటితో ముందుగది నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి ముందుగది దాకా నడక మొదలుపెట్టాను. కింది క్వార్టర్ వాళ్లు పైకొచ్చి, ఏం కూలగొడుతున్నారని అడిగారు. బూట్లు పెద్దవి కావడంతో మడమ జారిపోయేది. ఒక పొద్దున్న చూస్తే వాటి ముక్కుల్లో పాత పేపర్లు కుక్కి ఉన్నాయి, లేసులు కురచగా బిగించి ఉన్నాయి. అమ్మని అడిగితే తనకేం తెలీదంది. నాన్నని అడగడం దండగ. మా ఇంట్లో ఆయన చేసే పనులన్నీ అలా ఎవరూ చూడకుండానే అయిపోతుంటాయి.

నేను భిలాయ్‌లోనే పుట్టాను. అమ్మానాన్నలది శ్రీకాకుళం వైపు. నాన్న ఐటీఐ చదివి ఇక్కడ పనిలో చేరాడు, పెళ్లయ్యాక అమ్మ వచ్చింది. ఇంట్లో వాళ్ల తెలుగు, గుమ్మం దాటితే హిందీ. ఈ పోటీల పిచ్చి నాకెలా పట్టిందని చుట్టాలందరూ అడుగుతారు, ఏదో రోగం సంగతి అడిగినట్టు. కాలేజీలో ఎవరో నా పేరిచ్చారనీ, స్నేహితులు బలవంతపెట్టారనీ చెప్తే వాళ్లకి బాగుంటుంది. నిజమేమిటంటే నాకు అద్దమంటే ఇష్టం. కొత్త బట్టలంటే ఇష్టం. నేను నడుస్తుంటే నలుగురూ తలతిప్పి చూడటం ఇంకా ఇష్టం. సివిక్ సెంటర్ దగ్గర అందాల పోటీ పోస్టరు చూడగానే, ఇది నాకోసమే పెట్టారనుకున్నాను.

ఆ మొదటి పోటీని తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు నిలవవు. నడుం దగ్గర నంబరు బిళ్ల, పెదాలకి నాది కాని లిప్‌స్టిక్, స్పీకర్ల మోతకి అరికాళ్ల కింద స్టేజీ చెక్కలు అదరడం! వెనకున్న అమ్మాయి నీళ్లు నీళ్లని కలవరిస్తుంటే నాకు మాత్రం ఎప్పుడెప్పుడు పిలుస్తారా అని ఆత్రం. పిలిచారు. నడిచాను. నవ్వాను. ఊరి పేరు చెప్పమంటే మైకు పగిలేట్టు భిలాయ్ అని అరిచాను. చప్పట్లు బాగానే పడ్డాయి గానీ మార్కులు పడలేదు. పాల్గొన్నందుకు ఒక సర్టిఫికెట్, ఒక తలనూనె సీసా చేతిలో పెట్టి పంపించారు. అమ్మ ఆ నూనె చివరి బొట్టు దాకా వాడి, నా జుట్టుకి అదే పడిందని తీర్పు చెప్పింది. ఓడిపోయినందుకు ఒక పూట ఏడ్చాను. రెండో పూట ఇంకో పోటీ ఎక్కడుందా అని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను.

అమ్మ పూర్తిగా నా పక్షమే. మా మధ్య మిగిలిన లోటల్లా నాన్న. ఆయన వద్దనలేదు, తిట్టలేదు. రావడానికే ఒప్పుకోలేదు. నాకేమో ఆయన ఒక్కసారి వచ్చి చూస్తే చాలనిపించేది. కిరీటం ఎవరికిచ్చినా పర్వాలేదు, మా నాన్న ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని నన్ను చూడాలి. ఎంత అడిగినా షిఫ్టు ఉందనేవాడు. షిఫ్టు లేని రోజున ఒంట్లో బాగోలేదనేవాడు. ఒకరోజు నేను కంచం ముందు నుంచి లేచి, నన్ను చూసి సిగ్గుపడుతున్నావా అని నిలదీశాను. అప్పుడు చెప్పాడు.

నాన్న పని చేసేది రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో, తనిఖీ దగ్గర. వరసగా పరిచిన పట్టాల పక్కన నడుస్తూ ఎక్కడ గీత పడింది, ఎక్కడ సొట్ట ఉంది చూసి, బాగోలేని చోట సుద్దతో గుర్తు పెడతాడు. ఆయన చొక్కా జేబుల్లో ఎప్పుడూ ఆ పసుపు సుద్ద పొడి ఉంటుంది. ఉతికేటప్పుడు అమ్మ దాన్ని తిట్టని రోజు లేదు.

"నాను రోజూ సేసే పనదే కదమ్మా," అన్నాడు, అన్నం కెలుకుతూ. "పట్టా పొడుగునా నడుత్తాను, ఎక్కడ బాగోనేదో సూత్తాను, సుద్దతో ఇంటూ ఎట్టేత్తాను. నిన్ను అలాగ ఎవులో సూసి ఇంటూ ఎడతంటే నాను కూకుని సూడనేను."

నాకు కోపం రావాలి నిజానికి. నన్ను పట్టాతో పోల్చాడు. కానీ రాలేదు, మళ్లీ కూర్చుని పెరుగన్నం తినేశాను. అడగడం మాత్రం మానలేదు.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. తనిఖీలోకి రాకముందు నాన్న చాలా ఏళ్లు మిల్లు కింద ఉండే నేలమాళిగలో పని చేశాడు. అక్కడ నూనె పైపులు, గోతులు, ఇనప మెట్లు. కరెంటు పోతే తన చెయ్యి తనకి కనిపించదట. అప్పుడు ఎవరూ అడుగు కదపకూడదు. ఎక్కడ ఉన్నవాళ్లు అక్కడే నిలబడి, ఫలానా చోట ఉన్నానని గట్టిగా కేకెయ్యాలి. ఆ కేక ఎవరి చెవిన పడితే వాళ్లు తప్పకుండా పలకాలి. విని పలక్కపోవడమంటే అక్కడ పెద్ద తప్పు. నాన్న ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చేశాడు. నా చిన్నప్పుడు వానాకాలం కరెంటు పోయిందంటే మా ఇంట్లో ఒకటే సందడి. అమ్మ గ్యాసు పొయ్యి దగ్గర ఉన్నాననేది. నేను మంచం మీద ఉన్నాననేదాన్ని. "ఇన్నాను, కదలకు," అని నాన్న గొంతు వచ్చేది, ఆ తర్వాత అగ్గిపుల్ల వెలిగేది. నాకదొక ఆట. పెద్దయ్యాక కూడా కరెంటు పోగానే నా నోరు దానంతటదే తెరుచుకునేది. హాస్టల్లో ఉంటున్న స్నేహితురాలి గదిలో ఒకసారి అలాగే కేకేసి, అందరి నవ్వులపాలయ్యాను.

రెండో పోటీ దుర్గ్‌లో. దానికి అమ్మ మెరూన్ వెల్వెట్ కొని, సాయంత్రాలన్నీ మిషన్ మీద కూర్చుని గౌను కుట్టింది. నడుం దగ్గర ఎంత చక్కగా కుదిరిందో! సరిగ్గా ఆ రోజే అమ్మకి జ్వరం వచ్చి రాలేకపోయింది. అదీ మంచిదే అయింది. అక్కడ మేకప్ గదిలో స్టూలు మీద కూర్చోగానే గౌను జిప్పు పైనుంచి కింది దాకా పర్రున విచ్చుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. రాజ్‌నాంద్‌గావ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ముక్కూ మొహం తెలియనిది, తన సంచిలోంచి నీలం శాటిన్ గౌనొకటి తీసి నా మీదికి విసిరింది. ఏడుస్తావా, వేసుకుంటావా అంది. వేసుకున్నాను. చివరి పదిమందిలోకి వెళ్లాను. అక్కడే ఆగిపోయాను, ఆ అమ్మాయి కూడా ఆగిపోయింది. ఇద్దరం బయటికొచ్చి చాట్ తిని కడుపు నొప్పొచ్చేలా నవ్వుకున్నాం.

అమ్మతో మాత్రం మెరూన్ గౌను అదిరిపోయిందన్నాను. జ్వరంలో పడుకుని ఎదురుచూస్తున్న మనిషికి జిప్పు సంగతి ఎలా చెప్తాను? ఫొటోలేవని అడిగితే ఇంకా పంపలేదన్నాను. రువాబాంధాలో ఒక దర్జీ దగ్గర జిప్పు మార్పించి, గౌను మళ్లీ బీరువాలో పెట్టేశాను. ఆ నీలం గౌను మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదనే అనుకున్నాను.

ఆ తర్వాత రాయపూర్‌లో రాష్ట్ర స్థాయి పోటీ. మరోదా చెరువుగట్టు మీద ఫోనుతో తీసుకున్న ఫొటోలు పంపితే ఎంపికయ్యానని కబురొచ్చింది. చదివిన వెంటనే మంచం మీద ఎగిరాను, అమ్మ కింద నిలబడి ఎగిరింది. ఇక చూడండి మా ఇల్లు! ఛత్తీస్‌గఢీ వేషం కోసం పక్క క్వార్టర్ దీదీ వాళ్ల అత్తగారి చీర, మెడలో కంటె, కాళ్ల కడియాలు ఇచ్చింది. కట్టుకోవడం తనే దగ్గరుండి నేర్పింది. ప్రశ్నల రౌండు కోసం అందమంటే ఏమిటి, ఆడవాళ్ల చదువెందుకు, చెట్లెందుకు అంటూ జవాబులు బట్టీ పట్టాను. పప్పు పోపు పెడుతూ అమ్మ హఠాత్తుగా వెనక్కి తిరిగి హిందీలో ప్రశ్న వేసేది. నేను గరిటె మైకులా పట్టుకుని జవాబు చెప్పేదాన్ని. నాన్న పేపరు చాటున ఉండేవాడు. ఆఖరిసారిగా అడిగాను రమ్మని. సెకండ్ షిఫ్టు, సెలవు దొరకదన్నాడు. పోనీ, నువ్వు రాకపోయినా నేను నడుస్తాను అనుకున్నాను రోషంగా.

పోటీ రోజు పొద్దున్నే అమ్మా నేనూ లోకల్ రైలెక్కాం. అమ్మ బయల్దేరే ముందు నాన్న డ్యూటీ కోసం టిఫిన్ డబ్బాలో అన్నం, బెండకాయ వేపుడు సర్ది పెట్టింది. రైల్లో నాకు కుదురు లేదు. ఎదుటి సీట్లో పిల్లకి చెయ్యూపాను, పల్లీలు కొన్నాను, అమ్మ చేత రెండుసార్లు జడ విప్పించి వేయించుకున్నాను. అమ్మ కూడా తక్కువేం కాదు. ఎవరు పలకరించినా, మా పిల్ల పోటీకి వెళ్తోందని హిందీలో చెప్పేసింది. రాయపూర్ చేరేసరికి పెట్టె మొత్తానికి నా సంగతి తెలుసు.

హాలు నేననుకున్నదానికంటే పెద్దది. స్టేజీ నుంచి జనం మధ్యలోకి పొడుగాటి ర్యాంప్, నడుమెత్తు ఉంటుంది, పక్కన పట్టుకోవడానికేమీ లేదు. అమ్మ మూడో వరసలో కూర్చుంది. పరిచయాలు బాగా జరిగాయి. దీదీ వాళ్ల చీరతో వచ్చినప్పుడు జనం ఈలలేశారు, కడియాల చప్పుడు వినిపించాలని నేను కావాలనే అడుగులు గట్టిగా వేశాను. నాలో ఏదో పొంగుతోంది. ఇక గౌను రౌండు. మెరూన్ వెల్వెట్, కొత్త జిప్పు. పాట మొదలైంది, నా నంబరు పిలిచారు, నడిచాను. బూట్లతో అరిగిన మా ముందుగది నేల గుర్తొచ్చింది, హీల్స్ కాళ్లకి ఉన్నట్టే లేవు. ర్యాంప్ చివరికి వెళ్లి, నడుం మీద చెయ్యి పెట్టి, ఒక భుజం తిప్పాను.

కరెంటు పోయింది.

పాట ఆగిపోయింది. అంత వెలుగు తర్వాత కళ్ల ముందు ఏమీ లేదు. వెనక స్టేజీ మీద అమ్మాయిలు కెవ్వుమన్నారు, ఎవరో దేన్నో పడేశారు. నాకు మూడు పక్కలా ర్యాంప్ అంచు. అడుగు వేస్తే జనం మీద పడతాను. ఆలోచించానని చెప్పను, ఆలోచించలేదు. ఉన్నచోటే బిగుసుకుని నిలబడ్డాను, నోరు తెరుచుకుంది.

"ర్యాంప్ చివర ఉన్నాను," అని కేకేశాను. తెలుగులో, గొంతు చించుకుని.

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఇంతమందిలో ఇదేం పని చేశానని నా చెవులు వేడెక్కాయి. అప్పుడు వచ్చింది, అన్నిటికంటే వెనక, తలుపుల దగ్గర నుంచి.

"ఇన్నాను. కదలకు."

ఒక్కొక్కటే ఫోన్ల లైట్లు వెలిగాయి. తలలన్నీ వెనక్కి తిరిగాయి. కాసేపటికి జనరేటరు అందుకుంది, పెద్ద లైట్లు వచ్చాయి. తలుపు పక్కన, గోడకి ఆనుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో మా నాన్న. ప్లాంటుకి వేసుకెళ్లే చొక్కానే వేసుకున్నాడు. మొత్తం హాలు తనని చూస్తోందని తెలియగానే ఒక అడుగు తలుపు వైపు వేశాడు, మళ్లీ ఆగిపోయాడు. మూడో వరసలో అమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. వచ్చాడు! మా నాన్న వచ్చాడు! ర్యాంప్ మీద వెనక్కి తిరిగి నడిచిన ఆ నడక ఎలా నడిచానో గుర్తులేదు గానీ, చప్పట్లు మాత్రం ఇప్పటికీ వినిపిస్తాయి.

ప్రశ్నల రౌండులో నేను బట్టీ పట్టిన చెట్లూ చదువులూ ఏవీ అక్కరకి రాలేదు. జడ్జీల్లో పెద్దావిడ, ఇందాక చీకట్లో నువ్వేమన్నావు, నీకు జవాబిచ్చింది ఎవరు అని అడిగింది. నేను చెప్పాను. నేలమాళిగ, గోతులు, ఎక్కడ ఉన్నామో కేకెయ్యడం, విన్నవాళ్లు పలకడం, అన్నీ చెప్పాను. మరి ఆ పలికిన మనిషి అని ఆవిడ గుర్తుచేసింది.

"మా నాన్నగారండీ," అన్నాను హిందీలో. "ఇప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నారు."

హాలు నవ్వులతో దద్దరిల్లింది. వ్యాఖ్యాత స్టేజీ దిగి వెళ్లి, నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టాడు. అలా ఇరుక్కున్నాడు మా నాన్న, మార్కులు వేసేవాళ్ల పక్కనే. ఫలితాలు చదువుతున్నంతసేపూ నేను జడ్జీలని చూడలేదు. ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలుపుతున్నాడు, మధ్యలో సుద్దముక్క ఉన్నట్టు. మూడో స్థానం వేరే నంబరు. రెండో స్థానం నాది. కిరీటం రానందుకు ఒక్క రెప్పపాటు చురుక్కుమంది, అబద్ధమెందుకు. అంతలోనే నా భుజం మీద పట్టీ పడింది. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి, అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

తిరుగు లోకల్లో ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. పట్టీ తియ్యనని నేను మొండికేస్తే తియ్యద్దనే అంది అమ్మ. నాన్న డ్యూటీ ఇంకొకరితో మార్చుకున్నాడట. ఆ మనిషికి ఏం చెప్పావంటే బావమరిది ఇంట్లో ఫంక్షనన్నాడు. అన్నం ఎప్పుడు తిన్నావని అమ్మ అడిగితే, హాలు బయట మెట్ల మీద, మార్కులేసేటప్పుడల్లా బయటికే పోయానన్నాడు. అమ్మ డబ్బా మూత తీసి, బెండకాయ మిగల్లేదని చూసి శాంతించింది. పొంగిపోయి ఉన్న నేను గౌను పరుచుకుని, ఎలా ఉన్నాను చెప్పు, నిజం చెప్పు అని నాన్నని పీడించాను. అడక్కుండా ఉండాల్సింది.

"బాగానే ఉంది గానీ," అన్నాడు, తలొంచుకుని చూసి, "దుర్గ్‌లో ఏసుకున్నావే, ఆ నీలం గౌను, అదే నప్పింది నీకు."

"ఏ నీలం గౌను?" అంది అమ్మ.

నాన్న గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ గౌను నా ఒంటి మీద ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే, ఆ ఒక్క హాల్లోనే. అది చూడాలంటే అక్కడ ఉండాలి.

"నాన్నా, దుర్గ్ కూడా వచ్చావా నువ్వు?"

ఆయన మెల్లగా, మొదటిదానికి గేటు దగ్గరే ఆగిపోయాననీ, పేరు మైకులో విని వెళ్లిపోయాననీ చెప్పాడు. దుర్గ్‌లో లోపలికి వచ్చాడట. ఇంత అడిగించుకుని, ఇంత ఏడిపించి, వచ్చానని ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు పెద్దదయింది, పక్క బెంచీవాళ్లు చూశారు కూడా. ఎన్నిసార్లు పిలిచానో లెక్కుందా అన్నాను.

"రమ్మన్నావు," అన్నాడు నాన్న, కిటికీలోంచే. "కేకెయ్యనేదు కదేటి. నువ్వు కేకేత్తే నాను పలక్కుండా ఉంటానా."

నేను ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. చొక్కాకి సుద్ద వాసన. అటుపక్క నుంచి అమ్మ భిలాయ్ వచ్చేదాకా అడుగుతూనే ఉంది, ఏ నీలం గౌను, ఎవరిది, మరి నా మెరూన్ గౌనుకేమయిందని. మా ఇద్దరిలో ఒక్కరమూ పలకలేదు.